అధిక శ్రావణంలో ఆగిన కవరు

చొక్కాలు నాలుగు చాలన్నాడు చంద్రం. ఆరు పెట్టాను. ఇటలీలో ఆగస్టు నెలలో ఎండ కాస్తుందో వాన కురుస్తుందో నాకు తెలియదు కాబట్టి ఉన్ని స్వెట్టరు కూడా అడుగున సర్దాను. మస్కట్ పక్కనున్న ఈ మత్రాకు వచ్చాక మూడేళ్ళుగా ఆ స్వెట్టరు పెట్టె దాటలేదు. మడతల నిండా కలరా ఉండల వాసన. దాని మీద రెండు తువ్వాళ్ళు, కందిపొడి డబ్బా, గుడ్డలో చుట్టిన మాగాయ సీసా.

"ఆ మాగాయ తీసెయ్ అక్కయ్యా. చొక్కాల మీదికి నూనె కారిందంటే అంతమంది దొరల మధ్య ఊరగాయ జాడీలా నిలబడాలి నేను."

"కారదు. మూడు గుడ్డలు చుట్టాను."

"పోయినసారీ మూడే చుట్టావు."

"పోయినసారి రెండు."

నవ్వాడు. ఎనిమిది నెలల్లో వాడు నవ్వడం అదే మొదలు. పచ్చ అట్ట ఫైలు తెచ్చి అన్నిటికంటే పైన పెట్టి, మళ్ళీ తీసి, చేతిసంచిలో పెట్టుకున్నాడు.

నేను వాడికి ఒక మాట చెప్పాలి. విమానం మూడున్నరకు. డ్రైవరు దస్తగిర్ కారు ఒంటిగంటకు వస్తుంది. అప్పటికి టైము పది దాటింది. ఎనిమిది నెలలుగా నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట ఆ మూడు గంటల్లో చెప్పాలి. 1977 జూలై 20న వాడు నా చేతికిచ్చిన కవరును నేను ఆ రోజు పోస్టుకు పంపలేదు. నెల రోజులు దాచి, ఆగస్టు 20న పంపాను. నా తమ్ముడికి ఈ సంగతి తెలియదు. తెలియకనే, తనకు జరిగిన అన్యాయం గురించి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల సభలో నిలబడి అడగడానికి బయల్దేరుతున్నాడు.

చంద్రం అసలు పేరు శ్రీరామచంద్రమూర్తి. మస్కట్‌లో మన దేశం వాళ్ళ పిల్లలు చదివే బడిలో ఫిజిక్సు మాస్టరు. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. మా అమ్మ పోయేనాటికి వాడికి అయిదేళ్ళు, నాకు పందొమ్మిది. వాడికి పలక పట్టించిన రోజుల్లోనే పక్కన కూర్చుని నేనూ అక్షరాలు నేర్చుకున్నాను. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. వాడు ఏ క్లాసుకు వెళితే ఆ పుస్తకం నేనూ చదివేదాన్ని. లెక్కలు పై క్లాసులకు పోయేసరికి అర్థం కావడం ఆగిపోయింది గానీ, చూసి రాయడం ఆగలేదు. వాడి చేతిరాత వాడికే అర్థం కాదు. టైపు మిషను మీద లెక్కల గుర్తులు ఉండవు. వాడు మాటలు టైపు చేసి ఖాళీలు వదిలేవాడు, ఆ ఖాళీల్లో నేను గుర్తులు రాసేదాన్ని. కింద కార్బన్ కాగితం పెట్టి ఇంకో నకలు. ఆ గుర్తుల గ్రీకు పేర్లు నాకు పలకవు. ఒకదానికి పాము అని పెట్టాను, ఒకదానికి కొక్కెం, ఒకదానికి బల్ల. "అక్కయ్యా, మూడో వరసలో పాము నెత్తిన చిన్న రెండు వెయ్యి" అనేవాడు. ఇరవై ఏళ్ళు అలాగే పనిచేశాం.

వాడు చదువు ముగించాక ఒక ప్రొఫెసరు దగ్గర ఆరేళ్ళు పరిశోధన చేశాడు. ఏదో మాటపట్టింపు వచ్చి డిగ్రీ చేతికి రాకుండానే బయటికొచ్చేశాడు. కాలేజీల్లో పాఠాలు చెప్పుకున్నాడు. ఆ తరువాత ఈ దేశం. కాని లెక్క వదల్లేదు. కణాలు ఒకదానికొకటి తగిలినప్పుడు ఏమవుతుందో లెక్క కడితే, కూడిన కొద్దీ పెరుగుతూ అంతులేని సంఖ్య వస్తుందట. ఆ వరసలో ఉన్నవాటిని ఫలానా క్రమంలో జతలు జతలుగా కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి చిన్న సంఖ్య మిగులుతుంది. ఆ జత కట్టే క్రమం చంద్రానిది. నాకు అర్థమైంది ఇంతవరకే. పద్నాలుగో పేజీ రాస్తూ, ప్రతి నాలుగో వరసకూ ముందు వస్తున్న తీసివేత గుర్తు ఒకచోట రాలేదని నేను చూపించాను. వాడు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు వచ్చి నా పాదాలు పట్టుకున్నాడు. "అక్కడే ఆగిపోయాను అక్కయ్యా, ఏడాదిగా" అన్నాడు.

లెక్క సగంలో ఉండగా, 1976లో, పాత ప్రొఫెసరుకు రెండు ఉత్తరాలు రాశాడు. జత కట్టే పద్ధతి అంతా అందులో ఉంది. వద్దురా అన్నాను. "ఎంతయినా గురువు గదా, ఆయన చూడకపోతే ఇంకెవరు చూస్తారు" అన్నాడు. రెండింటికీ కలిపి ఒక జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. బాగుంది, పూర్తయ్యాక పంపమని.

పూర్తయింది 1977 జూలై 19న. అప్పటికి వారం రోజులుగా వాడికి కామెర్లు. కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. ఇరవయ్యో తేదీ పొద్దున్న ఆసుపత్రిలో చేర్చుకుంటామన్నారు. వెళ్ళే ముందు కాగితాలన్నీ పెద్ద కవరులో పెట్టి, అంటించి, విదేశాల్లో అచ్చయ్యే పత్రిక చిరునామా రాసి నా చేతికిచ్చాడు. వెనకవైపు మన చిరునామా నన్ను రాయమన్నాడు.

"ఇవాళే దస్తగిర్ చేతికియ్యి. రిజిస్టరు చేయించమను. ఆలస్యమయితే లాభం లేదు. పత్రికలో ప్రతి వ్యాసం కింద అది ఏ రోజు చేరిందో అచ్చువేస్తారు. ఇద్దరు ఒకే సంగతి కనిపెడితే ఆ తేదీ ఎవరిది ముందుంటే వాళ్ళది."

"అలాగే, నువ్వు పద" అన్నాను.

అది అధిక శ్రావణం. మొదలై నాలుగు రోజులైంది. అధిక మాసంలో మంచి పని ఏదీ మొదలుపెట్టరని అందరికీ తెలుసు. నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. 1939లో వచ్చింది కూడా అధిక శ్రావణమే. మా ఆయన ఆ నెలలోనే రంగూను ఓడ ఎక్కారు. నెలాఖరు దాకా ఆగమని నేను అడిగితే, ఓడలు నీ పంచాంగం చూసి కదలవన్నారు. రెండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. యుద్ధం వచ్చాక అవీ లేవు. మళ్ళీ మనిషి కబురు తెలియలేదు. అధిక శ్రావణంలో గడప దాటింది ఏదీ మనకు దక్కదని అప్పటినుంచీ నా మనసులో ఉండిపోయింది.

చంద్రం పదహారేళ్ళ కష్టం ఆ కవరులో ఉంది. వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. కవరును పట్టుచీర మడతల్లో పెట్టాను. దస్తగిర్‌ది కడప దగ్గర పల్లె. మత్రాలో గుజరాతీ సేటు కొట్లో డ్రైవరు. సేటు పోస్టుతోబాటు మాదీ పట్టుకెళ్ళేవాడు. వారానికి రెండుసార్లు మెట్ల కింద నుంచి కేకేసేవాడు.

"అమ్మా, పోస్టు ఏమన్నా ఉండాదా?"

"లేదు నాయనా."

"సార్ రాసేది అయిపోలేదా ఇంకా?"

"లేదు."

ఆసుపత్రి మంచం మీద చంద్రం అడిగాడు. "పంపావా?" పంపానన్నాను. "రసీదు?" ఉందన్నాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. నెల రోజుల్లో మునిగిపోయేదేముందిలే అనుకున్నాను.

నిజ శ్రావణం వచ్చాక మొదటి శుక్రవారం పూజ చేసుకుని కవరుకు పసుపు కుంకుమ చూపించాను. ఈ దేశంలో శుక్రవారం సెలవు. పోస్టాఫీసు మూత. శనివారం, ఆగస్టు 20న దస్తగిర్ పట్టుకెళ్ళాడు. తెచ్చిన రసీదు మీద తేదీ చూసి స్టవ్ మంట మీద పెట్టేశాను.

డిసెంబరులో పత్రికవాళ్ళు వ్యాసం తిప్పి పంపారు. ఇదే ఫలితం ఇంతకు ముందే తమకు చేరి అచ్చయిందట. చేరింది ఆగస్టు 8న. రాసినవాళ్ళు చంద్రం పాత ప్రొఫెసరు, ఆయనతోబాటు ఒక విదేశీయుడు. చంద్రం వ్యాసం చేరింది సెప్టెంబరు 1న. ఆ అచ్చు వ్యాసం తెప్పించాడు. జత కట్టే పద్ధతి అక్షరాలా ఉత్తరాల్లో ఉన్నదే. చివర తొమ్మిదిమందికి కృతజ్ఞతలు చెప్పారు. భూతద్దం పెట్టుకుని ఆ తొమ్మిది పేర్లూ రెండుసార్లు చదివాను.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. జూలై 20న పోస్టులో పడి ఉంటే, ఆగస్టులో పోయినట్టే పన్నెండు రోజుల్లో పోయి ఉంటే, ఆగస్టు 1న చేరేది. వారం ముందు.

చంద్రం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. జూలై 20న పంపిన కవరు సెప్టెంబరు 1న చేరడమేమిటి, నలభై రోజులకు పైగా మీ ఆఫీసులో ఎవరి కోసం దాచారు అని. ఆ ఉత్తరాల నకళ్ళు కూడా నేనే రాశాను. జూలై 20 అని నా చేత్తో పదకొండుసార్లు రాశాను. మా రికార్డులో ఉన్నది సెప్టెంబరు 1 అని మాత్రం వాళ్ళు జవాబిచ్చారు. చంద్రం పాత శిష్యుడు నాగేంద్రప్రసాద్ ఇటలీలో పనిచేస్తున్నాడు. అతను పట్టుబట్టి ఆగస్టు సభకు వీడికి ఆహ్వానం ఇప్పించాడు. ప్రొఫెసరు వస్తున్నాడు. పత్రిక సంపాదకుడూ వస్తున్నాడు.

పెట్టె మూత వేశాను. తాళం చెవి రెండుసార్లు తిప్పి చూశాను. "చంద్రం, ఇలా కూర్చో" అన్నాను.

"కూర్చుంటే ఏడుస్తావు. మంచినీళ్ళియ్యి."

"ఏడవనులే. ఆ కవరు సంగతి..."

"ఆ, రసీదు దొరికిందా?" గబుక్కున దగ్గరికొచ్చాడు. మొహం వెలిగింది.

"లేదు. ఎక్కడ పెట్టానో..."

"పోనీలే. వెతకొద్దు." గ్లాసు తీసుకుని తాగాడు. "వాళ్ళ దగ్గర రబ్బరు ముద్రలు, రిజిస్టర్లు, గుమాస్తాలు అన్నీ ఉన్నాయి. నా దగ్గర నువ్వున్నావు. ఈ లోకంలో నేను నమ్మే తేదీ ఒక్కటే అక్కయ్యా, నువ్వు చెప్పింది."

ఆ మాట తరువాత ఖాళీ గ్లాసు అందుకుని కడిగి బోర్లించాను. చెబితే ప్రయాణం మానేస్తాడు. నా పక్కనే ఉండిపోతాడు. కాని ఏ మొహంతో ఉంటాడు? అన్నం పెడితే తింటాడా? నాతో మాట్లాడతాడా? ఒకే ఇంట్లో ఉండి వాడు నాకు లేకుండా పోవడం కంటే, వెళ్ళి నాలుగు మాటలు అడిగి తిరిగి రావడం మేలనిపించింది. ఏడాది కిందటి కవరును ఎవరు వెతుకుతారు అనుకున్నాను. ఈసారి నేను పంచాంగం తీయలేదు. వర్జ్యం ఉందో లేదో చూడలేదు.

దస్తగిర్ ఒంటిగంటకు వచ్చాడు. పెట్టె ఎత్తి, "ఏందమ్మా, మస్కట్ కొండలన్నీ మూటగట్టినావా?" అన్నాడు.

"మాగాయ బరువు" అన్నాడు చంద్రం.

"మాగాయ తింటే దొరలు ఆడనే చేతులెత్తేస్తారు సార్. ఇంక మీరు మాట్లాడే పనే లేదు."

వెనక సీట్లో నేను కూర్చున్నాను. రువి దాటాక చంద్రం తన ఫైలు విప్పుకుని పైకే చదవడం మొదలుపెట్టాడు. సభలో ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి డ్రైవరు వైపు తిరిగాడు.

"దస్తగిర్, ఆ కవరు పోస్టు చేసింది నువ్వేగా. జూలై ఇరవై. గుర్తుందా?"

 దస్తగిర్ పైనున్న చిన్న అద్దంలో నా మొహం చూశాడు. "జూలైనా సార్? నాకు శనివారమని..." అన్నాడు. నేను అద్దంలోకి చూసి రెండు చేతులూ జోడించాను. నా వయసు అరవై రెండు. అతనికి నలభై ఉంటాయేమో.

"బుధవారమయ్యా. నేను ఆసుపత్రిలో చేరిన రోజు."

"అవును సార్," అన్నాడు దస్తగిర్. "మీరు ఆస్పత్రిలో చేరిన దినమే."

చంద్రం ఫైలు మీద పెన్సిలుతో ఏదో గుర్తు పెట్టుకున్నాడు. సీబ్‌లో విమానాశ్రయం దగ్గర దిగి, వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "పదహారు రోజులు. గ్యాసు కట్టేయడం మర్చిపోకు" అన్నాడు. లోపలికి వెళ్ళేటప్పుడు వెనక్కి చూస్తాడని నిలబడ్డాను. చేతిలో కాగితాలు చూపించుకుంటూ వెళ్ళిపోయాడు.

 తిరుగు దారిలో, మత్రా కొండలు కనిపించాక దస్తగిర్ అన్నాడు. "నా చేత అబద్ధం చెప్పిస్తివి కదమ్మా. ఆ సార్ మా పిలగానికి దుడ్లు తీసుకోకుండా పాఠం చెప్పినాడు."



సెప్టెంబరు 6న నాగేంద్రప్రసాద్ ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నదంతా నేనిక్కడ రాయలేను. మూడో రోజు ప్రొఫెసరు ప్రసంగం అయ్యాక చంద్రం లేచాడట. మొదటి అయిదు నిమిషాలూ 1976 ఉత్తరాల గురించి చెప్పాడు. బల్ల మీద పరిచి వరస వరసా చూపించాడు. జనం లేచి చుట్టూ చేరారు.  ఒకాయన, అయితే ఈయన పేరు ఎందుకు లేదని అడిగాడు కూడా. అక్కడితో ఆపి ఉంటే చాలునేమో. చంద్రం ఆపలేదు. తన వ్యాసాన్ని పత్రిక ఆఫీసు నలభై రోజులు దాచిందన్నాడు.

సంపాదకుడు సిద్ధపడి వచ్చాడు. చంద్రం రాసిన ఉత్తరాలు చదివి చదివి, పాత కవర్ల కట్టలోంచి ఆ కవరు వెతికించి తెచ్చాడు. దాన్ని చేతులు మార్చి అందరికీ చూపించారు. దాని మీద మత్రా పోస్టాఫీసు ముద్ర. 1977 ఆగస్టు 20.

"సార్ ఆ కవరు తీసుకుని చాలాసేపు చూశారు. ముందువైపు చేతిరాత మీదేనా అని సంపాదకుడు అడిగాడు. సార్ నాదే అన్నారు. వెనకవైపుది ఎవరిదన్నాడు. మా అక్కయ్యది అని కూర్చుండిపోయారు. ఇక ఎవరూ ఆ ఉత్తరాల ఊసెత్తలేదు. కార్బన్ నకళ్ళ మీద తేదీ ఎప్పుడైనా వేసుకోవచ్చు కదా అని ఒకరు అంటే నవ్వారు. సార్ అబద్ధమాడరని నాకు తెలుసు. ఏం జరిగిందో మీరైనా చెప్పండి" అని రాశాడు నాగేంద్రప్రసాద్.

ఉత్తరాలు నిజం. ప్రొఫెసరు చేసింది నిజం. నా తేదీ ఒక్కటే అబద్ధం. అది బయటపడేసరికి ఆ రెండు నిజాలనూ ఎవరూ నమ్మలేదు.

నాగేంద్రప్రసాద్‌కు అంతా రాశాను. చంద్రానికి అతని ద్వారానే ఇంకో ఉత్తరం రాశాను. అధిక శ్రావణం, పట్టుచీర, రసీదు, ఏదీ దాచలేదు. పత్రిక సంపాదకుడికి కూడా నిఘంటువు ముందు పెట్టుకుని ఇంగ్లీషులో రాశాను. ఆలస్యం నాది, నా తమ్ముడికి తెలియదు, 1976 ఉత్తరాలకు నకలు రాసినదాన్ని నేనే, ప్రమాణం చేసి చెబుతాను అని. తప్పులుంటాయని నాలుగుసార్లు దిద్దాను. పద్దెనిమిది రోజులకు జవాబు వచ్చింది. వ్యాసం చేరిన తేదీ పత్రిక ఆఫీసుకు చేరిన తేదీయే, అది మారదు, మీ శ్రద్ధకు ధన్యవాదాలు. కింద సంతకం కూడా గుమాస్తాది.

చంద్రానికి రాసిన ఉత్తరాన్ని నాగేంద్రప్రసాద్ స్వయంగా వాడి చేతికిచ్చాడట. సభ అయిపోయాక కూడా వాడు ఆ ఊళ్ళోనే ఒక గది తీసుకుని ఉన్నాడు. నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడట.  మర్నాడు గది ఖాళీ చేశాడు.

అక్టోబరు మొదటి వారంలో బడికి రాజీనామా ఉత్తరం వచ్చింది. బొంబాయి ముద్ర. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి చూపించారు. మూడు వాక్యాలు. నాకంటూ వేరే కాగితం ఏమైనా ఉందేమోనని కవరు లోపలికి వేలు పెట్టి చూశాను. ఆయన మొహం తిప్పుకున్నారు. చంద్రం పేరు మీద ఉన్న నా వీసా ఇక చెల్లదని, టిక్కెట్టు బడివాళ్ళే ఇస్తారని మెల్లగా చెప్పారు.

ఆ నెలంతా దస్తగిర్ వారానికి రెండుసార్లూ వచ్చాడు. మెట్ల కింద నుంచి కేకేయడం మానేసి పైకే వచ్చి, గుమ్మం అవతల నిలబడి, ఖాళీ చేతులు చూపించి వెళ్ళేవాడు. బొంబాయిలో తెలిసినవాళ్ళందరికీ రాశాను. కాకినాడలో వాడు పనిచేసిన కాలేజీకి రాశాను. ఎవరూ చూడలేదన్నారు.

మా తమ్ముడు శ్రీరామచంద్రమూర్తి 1978 ఆగస్టు 11, శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర విమానంలో మస్కట్ నుంచి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.